ఇసుక మీంచి దించే ప్లాస్టిక్ పడవ కొనేముందు ఏం చూడాలి?

విశాఖ మధురవాడలో ఉంటున్నామని, ఇద్దరు పట్టే పన్నెండడుగుల ప్లాస్టిక్ పడవ కొని, చిన్న ఇంజన్ పెట్టుకుని రుషికొండ, మంగమారిపేట వైపు గేలం వేటకు వెళ్లాలనుందని రాశారు. ఫైబర్ కొనాలా, ప్లాస్టిక్ కొనాలా అని అడిగారు. మా బావమరిదీ నేనూ ఆ తీరంలోనే సెలవు రోజుల్లో వేటకు వెళ్తుంటాం. రెండు రకాలూ వాడాం. మీ అవసరానికి ప్లాస్టిక్ సరిపోతుంది. కానీ తొట్టిలా తెరిచి ఉండే పడవ మాత్రం తీసుకోకండి. పైభాగం మూసేసి ఉండి, మనం దాని మీద కూర్చునేలా, పడ్డ నీళ్లు రంధ్రాల్లోంచి కిందికి దిగిపోయేలా ఉన్నదే తీసుకోండి.

ఎందుకంటే అక్కడ పడవను దించేది ఇసుక మీంచి. కెరటం విరిగే చోటు దాటితే గానీ వేట మొదలవదు. తెరిచిన పడవలోకి ఒక్క పెద్ద కెరటం దూకితే మూడు నాలుగు వందల లీటర్ల నీళ్లు నిలుస్తాయి. అంటే అంత బరువు కిలోల్లో ఒక్కసారిగా ఎక్కినట్టే. ఆ బరువుతో పడవ ముక్కును రెండో కెరటానికి ఎదురుగా తిప్పడం మన చేతుల్లో ఉండదు. జాలరిపేటల్లో తరతరాలుగా దుంగల తెప్పలతో ఈ కెరటాలు దాటారంటే కారణం ఇదే. పైన పడ్డ నీరు దుంగల సందుల్లోంచి పోతుంది, తెప్పలో నీరు నిలిచే చోటే లేదు. నాకు తెలిసినంతలో మన ఒడ్డుకు ఇంతకంటే మంచి ఆలోచన లేదు. పడవ ఎంచుకునేటప్పుడు దీన్నే పట్టుకోండి.

అయితే ఆ రంధ్రాలు పనిచేయాలంటే మనం కూర్చునే అంతస్తు నీటిమట్టం కంటే పైన ఉండాలి. బరువు ఎక్కువైతే అదే రంధ్రాల్లోంచి నీళ్లు పైకి వస్తాయి. పడవ మీద రాసి ఉండే గరిష్ఠ బరువులో మనుషులు, ఇంజన్, పెట్రోలు, ఐస్ పెట్టె, లంగరు, పట్టిన చేపలు అన్నీ కలిసి ఉంటాయి. మీ ఇద్దరికి 150 కిలోలు, చిన్న ఇంజన్‌కు 20, ఐస్ పెట్టె, పెట్రోలు, సామానుకు ఇంకో 40 వేసుకోండి. మొత్తం 210 కిలోలు. దీనికి కనీసం 300 కిలోలు మోసే పడవ చూడండి. కొనేముందు భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే దగ్గర, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు, ఇద్దరూ ఎక్కి కాసేపు కూర్చోండి. పాదాల దగ్గర నీళ్లు ఊరితే ఆ పడవ మీకు చిన్నది.

ఇక ఇంజన్ సంగతి. ఈ పడవల్లో చాలావరకు మేడ మీది నీళ్ల ట్యాంకులా అచ్చులో తిప్పి పోసిన పాలిథిలిన్‌తో చేసినవే. రాళ్లకు తగిలినా, ఇసుక మీద ఈడ్చినా సొట్టపడి ఊరుకుంటుంది గానీ ఫైబర్‌లా చిట్లదు. దాని బలహీనత వేరే ఉంది. ఒకే చోట చాలాకాలం బరువు మోస్తే మెల్లగా వంగిపోతుంది, ఎండలో ఇంకా త్వరగా. అందుకే ఇంజన్ బిగించే వెనక పలక లోపల అల్యూమినియం చట్రం ఉందా అని అడగండి. ప్లైవుడ్ ముక్క పెట్టి ఉంటే స్క్రూ రంధ్రాల్లోంచి ఉప్పునీరు దిగి చెక్క కుళ్లిపోతుంది, పైకి ఏమీ కనపడదు. ఇంజన్ తలను రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. పలక కదిలితే వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే. ఐదు హార్స్ పవర్ దాటి వెళ్లాలనుకుంటే మాత్రం నా ఓటు ఫైబర్‌కే, బిగువు దానికే ఎక్కువ.

పాతది చూస్తుంటే అడుగుభాగం మీద అరచేత్తో రుద్దండి. తెల్లటి పొడి అంటితే ఎండకు ప్లాస్టిక్ పాడయిందని అర్థం. మూత తీసి, టార్చి వేసి లోపల చూడండి. తడి ఉంటే ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా డబ్బు ఇవ్వకండి. మూసిన పడవ లోపల కొద్దిగా నీళ్లు చేరినా అవి ఒక పక్కకు దొర్లి పడవను పక్కకు ఒరిగేలా చేస్తాయి. లోపల ఫోమ్ దిమ్మలు ఉండటం కూడా తప్పనిసరి. పాలిథిలిన్ నీటి కంటే కాస్త తేలికే, కానీ ఇంజన్‌ను పట్టుకుని తేలేంత కాదు.

రిపేరు గురించి చాలామంది ఆలోచించరు. ఫైబర్‌కు చిల్లుపడితే ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో గాజునార మ్యాట్, రెజిన్ జిగురు వేసి అతికేవాళ్లు దొరుకుతారు. పాలిథిలిన్‌కు రెజిన్ గానీ, మామూలు జిగుర్లు గానీ పట్టవు. వేడిగాలితో అదే రకం ప్లాస్టిక్ కడ్డీని కరిగించి వెల్డింగ్ చేయాలి. నీళ్ల ట్యాంకులు వెల్డింగ్ చేసేవాళ్లు ఈ పని చేయగలరు. కొనేటప్పుడే అమ్మేవాళ్ల దగ్గర నాలుగు కడ్డీలు తీసి పెట్టుకోండి. స్క్రూలు, బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించండి. మన ఉప్పుగాలికి 304 కూడా తుప్పు మరకలు పడుతుంది. పడవను నీడలో బోర్లించి, వెడల్పాటి మెత్తటి దిమ్మల మీద పెట్టండి. సన్నని ఇనుప కడ్డీల మీద పెడితే అక్కడే గుంటలు పడతాయి.

ఇంజన్ పెట్టి వేటకు వెళ్లేముందు మత్స్యశాఖ ఆఫీసులో రిజిస్ట్రేషన్, లైసెన్స్ సంగతి కనుక్కోండి. పాలిథిలిన్ మీద పెయింట్ నిలవదు కాబట్టి నంబరు ప్లేటును రివెట్లతో బిగించాల్సి వస్తుంది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ పడవలకు వేట నిషేధం. కొత్తగా నేర్చుకోవడానికి జనవరి నుంచి మార్చి దాకా ఉదయం వేళలు బాగుంటాయి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి పెరుగుతుంది. మొదట్లో ఇంజన్ లేకుండా తెడ్డుతోనే కెరటాలు దాటడం, తిరిగి రావడం నేర్చుకోండి. రావడమే కష్టం. వెనక నుంచి లేచే కెరటం పడవను అడ్డంగా తిప్పి బోర్లా వేస్తుంది. లైఫ్ జాకెట్ ఒడ్డునే వేసుకోండి.

మీరు చూసిన పడవ పొడవు, వెడల్పు, సొంత బరువు, దాని మీద రాసిన గరిష్ఠ బరువు ఇక్కడ రాయండి. వెనక పలక ఫొటో కూడా పెడితే ఇంజన్ మోస్తుందో లేదో నాకు తోచింది చెబుతాను.