ఆ పాటలు ఎవరివని అడిగావు

అమ్మాయీ,

నీ వ్యాసం నిదానంగా చదివాను. బౌద్ధ సిద్ధులు పాడిన పాత పాటలు, చర్యాపదాల గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. మనవాళ్ళకు కబీరు తెలుసు, బావుల్ పాటల సంగతి కొంత తెలుసు. అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందే పడవ నడపడం గురించీ, ఊరి బయట డోంబి కులపు ఆడమనిషి గుడిసె గురించీ, అన్నం లేని కుండ గురించీ పాడుకున్న బౌద్ధ సిద్ధుల పేర్లు మాత్రం చెవిన పడలేదు. అందుకని ఈ వ్యాసం రావాలి. ఇప్పుడున్న రూపంలో మాత్రం వద్దు.

మొదట ‘బెంగాలీ భాషలో పుట్టిన తొలి కవిత్వం’ అని రాశానన్నావు. భువనేశ్వర్‌లో ఉన్న నీ స్నేహితురాలు చదివి ‘అవి మావి’ అనేసరికి ఆ మాట కొట్టేసి, ‘బెంగాలీ, ఒడియా, అస్సామీ, మైథిలీ, హిందీ వాళ్ళందరూ తమవేనంటారు’ అని మార్చావట. ఆ అతుకు కనిపిస్తోంది. గొడవ ఎందుకని పక్కకు తప్పుకున్నట్టు ఉంది. అయిదు భాషల పేర్లు వరసగా చెప్పి వదిలేస్తే పాఠకుడి చేతికి ఏం వచ్చింది? ఎవరు ఏ ఆధారం చూపిస్తున్నారు, ఆ ఆధారం ఎంతవరకు నిలుస్తుంది అన్నది చెప్పాలి. అది చెప్పగలిగినంత సామగ్రి నీ దగ్గరే ఉంది, సగం వాడలేదు.

ముందు రాతప్రతి దొరికిన కథ సరిగ్గా చెప్పు. 1907లో బెంగాలీ పండితుడు హరప్రసాద శాస్త్రి నేపాల్ రాజదర్బారు గ్రంథాలయంలో ఈ తాళపత్ర ప్రతి చూశారు. 1916లో బంగీయ సాహిత్య పరిషత్తు అచ్చువేసింది. ఆ పుస్తకం పేరుకు అర్థం ‘వేయేళ్ళ నాటి పాత బెంగాలీ భాషలో బౌద్ధ గానాలూ దోహాలూ’ అని. తగాదా మొదలైంది ఆ అట్ట మీదే. లోపల ఉన్నది ఒక్క గ్రంథం కాదు. చర్యాగీతాలతో పాటు సరహపాదుడి దోహాలు (రెండేసి పాదాల పద్యాలు), కాణ్హపాదుడి దోహాలు, డాకార్ణవం అనే తంత్రగ్రంథం కూడా కలిపి అచ్చువేశారు. అన్నిటికీ కలిపి ‘పాత బెంగాలీ’ అని పేరు పెట్టారు. 1926లో భాషాశాస్త్రవేత్త సునీతికుమార్ చటర్జీ బెంగాలీ భాష పుట్టుక మీద రాసిన పెద్ద గ్రంథంలో దీన్ని విడదీశారు. దోహాల భాష పశ్చిమపు అపభ్రంశం, అంటే ప్రాకృతాల తర్వాతి దశ; శౌరసేని ప్రాకృతం వైపుది. ఆ రోజుల్లో ఉత్తరాదిన చాలా చోట్ల కవులు వాడుకున్న భాష అది. పాటల భాష వేరు, అది తూర్పు నేల మీద జనం నోట్లో ఉన్నది. నువ్వు ఈ తేడా చూడలేదు. సరహుడి దోహా ఒకటి ఎత్తి చూపి, దాన్నిబట్టి చర్యల భాష గురించి తీర్పు చెప్పావు. ఆ పేరా మొత్తం తీసెయ్. సరహుడి పేరిట చర్యాగీతాలు కూడా నాలుగు ఉన్నాయి. కావాలంటే ఒకే కవి పేరు మీద రెండు భాషలు ఎలా కనిపిస్తున్నాయో చూపించు. పాఠకుడు తప్పకుండా ఆగి చదువుతాడు.

ఇక అసలు పని. వాదాలన్నీ వదిలేసి ఒక్క పాట ముందు కూర్చో. ఢేంఢణపాదుడి 33వ పాట తీసుకో:

టాలత మోర ఘర నాహి పడబేషీ
హాడీత భాత నాహి నితి ఆవేశీ

గుట్ట మీద నా ఇల్లు, ఇరుగుపొరుగు లేరు. కుండలో అన్నం లేదు, రోజూ చుట్టాలే. ఇంత పేదరికం, ఇంత సూటిగా.

ఇప్పుడు మాటల చివరలు చూడు. ‘టాలత’, ‘హాడీత’ అన్నచోట ‘త’ మన ‘లో’, ‘మీద’ లాంటిది. ఈ రోజుకీ అస్సామీలో ఇంట్లో అనడానికి ‘త’ తోనే చెబుతారు. గౌహతి మనిషి ఈ పాట విని ‘ఇది మాది’ అంటే ఆ మాటకు ఆధారం ఉంది. అయితే ఉత్తర బెంగాల్ పల్లె మాటల్లోనూ అదే ‘త’ వినిపిస్తుంది. కోల్‌కతా పుస్తకాల భాషను మాత్రమే పక్కన పెట్టుకుని పోల్చేవాళ్ళకు అది కనిపించదు. ‘నాహి’ చూడు. బెంగాలీ, అస్సామీలలో అది ‘నాయి’ దగ్గరకు అరిగిపోయింది. ఒడియాలో హకారంతో సహా నిలబడి ఉంది. ‘మోర’ చూడు, పూరీలో నేటికీ నా అనడానికి ఆ మాట ఉంది. నీ స్నేహితురాలు ఊరికే అనలేదు. అదే పాటలో కిందికి వెళితే ‘దుహిల దుధు’ వస్తుంది, పితికిన పాలు అని. జరిగిపోయినదాన్ని చెప్పే ఆ ‘ఇల’ బెంగాలీలో ఉంది, ఒడియాలో ఉంది, అస్సామీలో ఉంది, బిహార్ వైపు మైథిలి, మగహీ, భోజ్‌పురీలలోనూ లకారంగా ఉంది. ఢిల్లీ వైపు హిందీలో లేదు.

ఇక్కడ ఒక సూత్రం పట్టుకో, భాషాచరిత్ర మీద ఎప్పుడు రాసినా పనికొస్తుంది. పాత రూపాన్ని ఒక భాష ఇంకా వదల్లేదు అన్నంత మాత్రాన పాట ఆ భాషది అయిపోదు. ‘నాహి’ ఒడియాలో మిగిలింది, పక్క భాషల్లో అరిగింది, అంతే. అందరికీ ఒకప్పుడు అదే ఉండేది. ‘ఇల’ లాంటిది ఇంకాస్త ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే అది తూర్పు భాషలన్నిటిలో స్థిరపడిన కొత్త రూపం. పాట తూర్పుది అనడానికి బలం ఇస్తుంది. తూర్పులో ఎవరిది అని చెప్పదు. ఒక్క భాషకే చెందిన మార్పు ఏదైనా ఉందా అని వెతికితే అప్పుడు పాటలు పాత బెంగాలీవన్న సునీతికుమార్ వాదానికి బలం వస్తుంది. కుక్కురీపాదుడి రెండో పాటలో ‘రుఖేర తెంతలి కుంభీరే ఖాఅ’ అని ఉంది. చెట్టు చింతపండును మొసలి తింటోంది. ఆ ‘రుఖేర’లో ఉన్న ‘ఏర’ బెంగాలీ షష్ఠి. ఒడియా, అస్సామీలలో రకారం ఉంది గానీ ఆ ఎకారం లేదు. ఇలాంటివి పోగుచేసే ఆయన బెంగాలీ వైపు మొగ్గారు. ఆ మొగ్గు తేలిగ్గా కొట్టిపారేసేది కాదని నా అభిప్రాయం. కానీ అదే పాదంలో ‘కుంభీరే’ చూడు. తినే మొసలికి ఎకారం తగిలించడం ఇవాళ అస్సామీ వ్యాకరణంలో నిత్యం కనిపించే సంగతి. ఒక్క పాదంలోనే ఇద్దరు సాక్షులు చెరోవైపు లాగుతున్నారు.

నా మాట అడిగావు కాబట్టి చెబుతున్నాను. పాటలు పాత మాగధి నుంచి పుట్టిన తూర్పు భాషల కుటుంబానివి, ఆ కుటుంబం ఇంకా పూర్తిగా వేరుపడని రోజులవి. కొన్ని పాటల్లో బెంగాలీ వైపు ఛాయ ఎక్కువ, కొన్నిట్లో ఒడియా, అస్సామీ ఛాయలు. అన్నీ ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో పుట్టాయనుకోవడానికి ఆధారం లేదు. సుమారు 8 నుంచి 12 శతాబ్దాల మధ్య ఇరవైమందికి పైగా కవులు పాడినవి, ఎవరో తర్వాత ఒకచోట కూర్చినవి. ‘పాత బెంగాలీ’ అని ఒక్క ముద్ర వేయడం ఎక్కువ. ‘పాత హిందీ’ అనడం ఇంకా ఎక్కువ. అలా అన్న రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ దాకా వెళ్ళి సిద్ధుల ప్రతులు వెలికితీసిన మనిషి, ఆయన కృషి ముందు చేతులు జోడిస్తాను. నలందా, విక్రమశిల నేటి బిహార్‌లోవన్న ఆయన పట్టు కూడా న్యాయమైనదే. మగహీ అంటే వినొచ్చు. నేటి ప్రామాణిక హిందీకి పూర్వరూపం అంటే ఆ లకారమే అడ్డు చెబుతుంది. ఈ అభిప్రాయం నీ వ్యాసంలో నా పేరుతో పెట్టకు. పాటలు నువ్వే చదివి, నీకు తోచింది నీ మాటగా రాయి. నాతో విభేదించినా సరే.

భుసుకుపాదుడి మాట మీద నువ్వు కట్టిన వాదం గురించి. 49వ పాటలో ‘ఆజి భుసుకు బంగాలీ భఇలీ’ అని ఉంది. ఈ రోజుతో భుసుకు బంగాలీ అయ్యాడు. దీన్ని బెంగాలీ విద్వాంసులు కొందరు గర్వంగా చూపిస్తారు. ఇవాళే అయ్యాడంటే నిన్నటిదాకా కాదనేగా అని అవతలివాళ్ళు అడుగుతారు. నువ్వు మొదటివాళ్ళ వైపు చేరావు. పాట మొత్తం చదువు. అందులో పడవ వజ్రపు పడవ, దోపిడీ జరుగుతుంది, అతని ఇల్లాలిగా చండాలి వస్తుంది. బౌద్ధ తంత్రంలో చండాలి అంటే లోపల రగిలే అగ్ని అని వ్యాఖ్య రాసేవాళ్ళందరికీ తెలుసు. మునిదత్తుడి సంస్కృత వ్యాఖ్య ఈ మాటలన్నిటినీ సాధన వైపే తిప్పుతుంది. కులం, ఇల్లు, ఊరు పోగొట్టుకున్నానని పాడుతున్నవాడిని పట్టుకుని నీ ఊరేది అని అడగడం నాకు బాధ కలిగిస్తుంది. వంగదేశం పేరు అప్పటికే వాడుకలో ఉందనడానికి ఆ పాదం పనికొస్తుంది. భాషకు సాక్ష్యంగా పనికిరాదు.

శ్రీపర్వతం సంగతి కూడా. టిబెటన్ పరంపర శబరపాదుణ్ణి శ్రీపర్వతంతో ముడిపెడుతుందని చదివి, మన నాగార్జునకొండ శాసనాల్లో ఆ పేరు ఉంది కదా అని, ‘ఈ కవిత్వానికి తెలుగు నేలతో సంబంధం’ అని ఉపశీర్షిక పెట్టావు. నీ ఉత్సాహం అర్థమైంది. కానీ చూడు, నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాలే చాలావరకు ప్రాకృతంలో ఉన్నాయి. నేల ఒకటి, రాసిన భాష ఒకటి. అది మన ఇంట్లోనే ఉన్న ఉదాహరణ. పక్కవాళ్ళను విమర్శిస్తూ అదే పని మనం చేస్తే ఎలా? ఒక వాక్యంగా ఉంచు, ఉపశీర్షిక తీసెయ్. శబరపాదుణ్ణి పరిచయం చేయాలంటే 28వ పాట చాలు. ఎత్తయిన కొండ మీద శబరి పిల్ల ఉంటుంది, నెమలి ఈకలు కట్టుకుంటుంది, మెడలో గురివింద గింజల దండ. ‘గివత గుంజరీ మాలీ’. శ్రీకాకుళం కొండల కింద పెరిగినవాళ్ళకు ఆ దండ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. నీ అనువాదంలో దాన్ని ‘పూసల హారం’ చేశావు. గురివింద అనే రాయి.

నీ వ్యాసంలో అసలు లేనిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. తగాదా పడుతున్న ఏ భాషవాళ్ళూ ఈ పాటల్ని కాపాడలేదు. ప్రతి దొరికింది ఖాట్మండులో. అక్కడి నేవార్ల భాష టిబెటో-బర్మన్ కుటుంబానిది, చర్యల భాషకు చుట్టరికమే లేనిది. ఆ నేవార్ల బౌద్ధ పురోహితులు, వజ్రాచార్యులు, చచా అనే పేరుతో చర్యాగీతాల సంప్రదాయాన్ని నేటికీ పూజల్లో పాడుతున్నారు, నృత్యంతో సహా. తాళపత్రాల్లో ప్రతి పాట తల మీద పటమంజరి, భైరవి, కామోద అని రాగం పేరు ఉంది. అంటే ఇవి చదువుకోవడానికి రాసినవి కావు. ప్రతిలో ఆకులు పోయి 24, 25, 48 పాటలు పూర్తిగా, 23వ పాట సగం లేకుండాపోతే, వాటిలో ఏముందో మనకు తెలిసింది టిబెటన్ అనువాదం వల్ల. ప్రబోధచంద్ర బాగ్చీ దాన్ని 1938లో వెలుగులోకి తెచ్చారు. తమది కాని భాషలోని పాటని ఇన్ని వందల ఏళ్ళు గొంతులో పెట్టుకున్నవాళ్ళ గురించి నాలుగు పేరాలు రాయి. కావాలంటే మిగతాది కుదించు.

కేంద్రం ఇచ్చే ప్రాచీన భాష హోదా విషయం క్లుప్తంగా చాలు. ఒడియాకు 2014లో వచ్చింది. బెంగాలీ, అస్సామీలకు 2024 అక్టోబరు 3న ఒకే కేబినెట్ నిర్ణయంతో వచ్చింది. హోదాకు పాతదనం కావాలి, పాతదనానికి సాక్ష్యం కావాలి, అందుకని ఈ తాళపత్రాల మీద కళ్ళు పడ్డాయి. ఇది చెప్పు, కానీ ఎవరినీ వెక్కిరించకు. తన భాషకు లోతైన వేరు ఉందని చూసుకుని మురిసిపోయే మనిషి తప్పు చేయడం లేదు. తెలుగుకు ఆ హోదా వచ్చిన 2008కి ముందు మనమూ శాసనాలు వెతికినవాళ్ళమే. ప్రాకృత గాథల సంకలనం గాథాసప్తశతిలో తెలుగు మాటలున్నాయని మనం, అది మాదని మరాఠీవాళ్ళు నేటికీ వాదించుకుంటున్నాం.

పాటల్ని తెలుగు చేసిన తీరు గురించి ఒక్క మాట. ఢేంఢణుడి పాటలో ఎద్దు ఈనింది, ఆవు గొడ్డుది అని వస్తుంది. నువ్వు దాన్ని ‘వృషభము ప్రసవించెను’ అన్నావు. మన ఊళ్ళల్లో తత్త్వాలు పాడేవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చుని విను, ఇలాంటి తలకిందుల మాట ఎంత మామూలుగా నోట్లోంచి వస్తుందో తెలుస్తుంది. ‘ఎద్దు ఈనింది’ అంటే చాలు. ప్రతి అనువాదం పైన మూలపాదాన్ని తెలుగు లిపిలో పెట్టు. ‘త’, ‘ఏర’, ‘ఇల’ ఎక్కడున్నాయో పాఠకుడే వేలుపెట్టి చూసుకుంటాడు. పాఠాంతరాలు చాలా ఉన్నాయి, ఒక్కొక్క సంపాదకుడు ఒక్కోలా చదివాడు. ఏ పాఠం తీసుకున్నావో ముందే చెప్పు.

కొత్త ప్రతి నాకు పంపేముందు మీ భువనేశ్వర్ స్నేహితురాలికి పంపు. బెంగాలీ తెలిసిన ఇంకొకరికీ, వీలైతే అస్సామీవాళ్ళకీ చూపించు. 33వ పాట వాళ్ళను బిగ్గరగా చదవమను. ఎవరికి ఏ మాట దగ్గర తడబాటు వచ్చింది, ఏ మాట అర్థం అడగకుండానే తెలిసింది, అదంతా రాసుకుని ఆ కాగితం కూడా నాకు పంపు.

ఆశీస్సులతో