మావాడు నెట్‌వర్క్ కార్డు పట్టుకుని కూర్చున్నాడు సార్!

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో ఏడు. రెండు నెలలుగా పాత కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డు డ్రైవర్, ఇంటరప్ట్‌లు అంటూ అర్ధరాత్రి దాకా మేలుకుంటున్నాడు. తెర ఫోటో పంపుతున్నా. పక్కింటి అబ్బాయి ఏఐ కోర్సు చేసి మంచి ప్యాకేజీ కొట్టాడు. వీడినీ చేర్పించాలా? రెండిట్లో ఏది మేలు?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది ఏది మేలని. మీ భయం మాత్రం మావాడు వెనకబడిపోతాడేమోనని. వెనకబడడు. ముందు ఆ దిగులు వదిలేయండి.

డ్రైవర్ అంటే కార్డు లాంటి పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్. ఇంటరప్ట్ అంటే 'నన్ను చూడు' అని ఆ పరికరం ప్రాసెసర్‌ని పిలిచే పిలుపు. ఫోటోలో ఉన్నది 'ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్' (16వ ఇంటరప్ట్ లైను సంగతి) అన్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సందేశం. ఎవరూ పట్టించుకోలేదని కెర్నల్ (లినక్స్ గుండెకాయ) మొర! ఒకే ఇంటరప్ట్ లైను మీద కార్డూ, యూఎస్‌బీ రెండూ ఉన్నప్పుడు ప్రతి డ్రైవరూ తన పరికరం స్టేటస్ రిజిస్టర్ (పరికరం తన స్థితి చెప్పే చోటు) చూసి 'నాదే', 'నాది కాదు' అని తేల్చాలి. కార్డు అందులో ఎత్తిన బిట్ (సంకేతం) ఏదో డ్రైవర్ చూడకుండా వదిలేస్తే 'నాది కాదు' అనేస్తుంది. కార్డు మాత్రం తలుపు బాదుతూనే ఉంటుంది. లక్ష ఇంటరప్ట్‌లలో 99,900కు మించి ఇలా దిక్కులేనివైతే కెర్నల్ ఆ లైనే మూసేస్తుంది. నెట్‌తో పాటు పాపం యూఎస్‌బీ మౌస్ కూడా పోవచ్చు. మీవాడు వెతుకుతున్నది బహుశా ఆ బిట్‌నే.

ఏఐ వద్దనను. మూడు నెలల కోర్సుల మీదే నాకు గురి లేదు. సర్టిఫికెట్ తెచ్చిన పిల్లల్ని 'మోడల్ ఎందుకు తప్పు చెప్పింది?' అని అడిగితే నేల చూపులు చూస్తారు. ఆ ఏఐ నడిచే సర్వర్ల మధ్య డేటా మోసేదీ నెట్‌వర్క్ కార్డులే కదా, వాటి డ్రైవర్లూ ఎవరో ఒకరు రాయాల్సిందే.

పోల్చమన్నారు గనక: డ్రైవర్ల ఉద్యోగాలు తక్కువే, ఫ్రెషర్‌కి తేలిగ్గా దొరకవు. అయితే క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఇలాంటి ఇంటర్వ్యూల్లో సీ భాష, పాయింటర్లు, ఇంటరప్ట్ హ్యాండ్లర్ (ఇంటరప్ట్ రాగానే నడిచే కోడ్) ఎందుకు నిద్రపోకూడదు లాంటివి తవ్వుతారు. (మీవాడి నిద్ర సంగతి వేరు.)

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. పక్కింటివాళ్ల ప్యాకేజీ రాశారు గానీ, మీవాడికి తప్పు ఎక్కడుందో దొరికిందా అన్నది రాయలేదు. అసలు అడిగారా?

కోర్సు డబ్బులో కాస్త తీసి ఇంకో పాత కార్డు కొనివ్వండి, పోల్చి చూసుకుంటాడు. దిద్దుబాటు కుదిరితే ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) చేసి ఆ డ్రైవర్ మెయింటెయినర్‌కి (దాని బాగోగులు చూసే మనిషికి) పంపమనండి. మొదటిసారి తిప్పి కొడతారు, అది మామూలే. సరిచేసి మళ్లీ పంపాలి. ఈలోగా పన్నెండు కొట్టగానే వెళ్లి లైటు ఆర్పేయకండి.