డిలీట్ కీ ఎంత నొక్కినా బయోస్ తెరుచుకోవట్లేదా?

ప్రశ్న: మా ఇంట్లో పాత అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది. త్వరగా ఆన్ అవుతుందేమోనని బయోస్‌లో (విండోస్ కంటే ముందు పీసీని లేపే సాఫ్ట్‌వేర్) ‘లెగసీ యూఎస్‌బీ సపోర్ట్’ను డిజేబుల్ చేసి సేవ్ చేశాను. అప్పటి నుంచి డిలీట్ కీ ఎన్నిసార్లు నొక్కినా బయోస్‌లోకి వెళ్లడం లేదు. విచిత్రం ఏంటంటే, విండోస్ వచ్చాక అదే కీబోర్డు చక్కగా పనిచేస్తోంది. మదర్‌బోర్డు పోయిందంటారా?
- ఓ డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: మదర్‌బోర్డుకు ఏమీ కాలేదు, టెన్షన్ పడకండి. తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు లాగేసుకున్నారు, అంతే.

ఇదంతా ‘లెగసీ’ అన్న మాట తెచ్చిన తంటా. ఆ పేరు చూడగానే ఏదో పాతకాలపు సామాను కోసం పెట్టింది, మనకెందుకులే అనిపిస్తుంది. నిజానికి ఇక్కడ పాతది కీబోర్డు కాదు, సాఫ్ట్‌వేర్. 1996లో యూఎస్‌బీ వచ్చేనాటికి డాస్ లాంటి పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకు ఆ సంగతే తెలియదు. అందుకే బయోస్ మధ్యలో దూరి, యూఎస్‌బీ కీబోర్డును పాత తరహా కీబోర్డులా వాటికి చూపించేది. మీలాంటి పాత బోర్డుల్లో సెటప్ తెర కూడా ఈ ఏర్పాటు మీదే నడుస్తుంది. దాన్ని ఆపేశాక, విండోస్ తన సొంత డ్రైవర్లు తెచ్చుకునేదాకా మీ కీబోర్డును పట్టించుకునే నాథుడే లేడు.

ముందు సీపీయూ వెనకవైపు చూడండి. గుండ్రంగా, ఊదారంగులో చిన్న సాకెట్ ఉందా? కొన్నింటిలో సగం ఊదా, సగం ఆకుపచ్చ ఉంటుంది. అది పీఎస్/2 పోర్టు. దానికి యూఎస్‌బీతో సంబంధం లేదు కాబట్టి ఆ సెట్టింగ్ ప్రభావం దాని మీద పడదు. గుండ్రటి పిన్ను కీబోర్డు ఒకటి ఎక్కడైనా అరువు తెచ్చుకోండి. నాకు ఇదే కష్టం వచ్చినప్పుడు మా వీధి చివరి జిరాక్స్ షాపులో అటక మీద దొరికింది, స్పేస్ బార్ లేకుండా! బయోస్‌కి స్పేస్ బార్‌తో పనేముంది? పీసీ పూర్తిగా ఆఫ్ చేశాకే దాన్ని గుచ్చండి. యూఎస్‌బీ కీబోర్డుకు తగిలించే చిన్న కన్వర్టర్ పిన్ను కొంటే మాత్రం అన్ని కీబోర్డులకూ పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. లోపలికి వెళ్లాక యూఎస్‌బీ కాన్ఫిగరేషన్‌లో ఆ ఆప్షన్‌ను మళ్లీ ఎనేబుల్ చేసి సేవ్ చేయండి.

ఆ పోర్టు లేదంటే బయోస్ సెట్టింగులన్నీ చెరిపేయాల్సిందే. కరెంటు వైరు పీకేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. పక్క మూత తీస్తే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత వెండిరంగు బ్యాటరీ కనిపిస్తుంది. దాని పేరు సీఆర్2032, ఆ సెట్టింగులను నిలిపి ఉంచేది అదే. అంచున ఉన్న చిన్న క్లిప్‌ను గోటితో పక్కకు నొక్కితే బిళ్ల పైకి లేస్తుంది. పది నిమిషాలు ఆగి, రాతలున్న వైపు పైకి ఉండేలా మళ్లీ పెట్టేయండి. చాలా బోర్డుల్లో ఈ పనికే ‘క్లియర్ సీమాస్’ అనే జంపర్ (పిన్నులను కలిపే చిన్న తొడుగు) కూడా ఉంటుంది. అది ఎక్కడుందో మాన్యువల్‌లో చూసుకోకుండా, కనిపించిన పిన్నులకల్లా స్క్రూడ్రైవర్ తగిలించొద్దు.

ఈ పని చేశాక తేదీ, టైము తప్పు చూపిస్తాయి, సరిచేసుకుంటే చాలు. అసలు భయపెట్టేది వేరే ఉంది. పాత బోర్డుల్లో హార్డ్‌డిస్క్ మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) తిరిగి పాత తరహా ఐడీఈకి మారిపోవచ్చు. మీ విండోస్ కొత్త తరహా ఏహెచ్‌సీఐ మోడ్‌లో ఇన్‌స్టాల్ అయి ఉంటే, లోడవుతూనే నీలి తెర వచ్చి ఆగిపోతుంది. డేటా పోయిందనుకుని ఫార్మాట్ కొట్టకండి! బయోస్‌లో ఆ మోడ్‌ను (‘సాటా మోడ్’ అని ఉంటుంది) మళ్లీ ఏహెచ్‌సీఐకి మారిస్తే మామూలైపోతుంది.

ప్రశ్న: నాది కొత్త పీసీ. ‘అల్ట్రా ఫాస్ట్ బూట్’ పెట్టినప్పటి నుంచి డిలీట్, ఎఫ్2 ఏవీ పనిచేయట్లేదు. నేనూ బ్యాటరీ పీకాలా?
- ఓ గృహిణి, విజయవాడ

జవాబు: వద్దండీ, మీది చాలా తేలిక. ఈ ఆప్షన్ పెడితే ఆన్ అయ్యేటప్పుడు కీబోర్డును వెతకడమే మానేస్తుంది, సమయం కలిసొస్తుందని. విండోస్‌లో షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. వచ్చిన తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ వరసగా ఎంచుకుంటే నేరుగా సెటప్‌లోకే తీసుకెళ్తుంది. అక్కడ ఫాస్ట్ బూట్ ఆపేయండి. మీ డిస్క్‌కు బిట్‌లాకర్ (డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉంటే, ఫర్మ్‌వేర్ సెట్టింగులు మార్చాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టండి. బ్లూటూత్ కీబోర్డు ఆ సెటప్ తెర మీద సాధారణంగా పలకదు, వైరున్నది ఒకటి దగ్గర పెట్టుకోండి.