కలర్ గార్డ్ బృందానికి ముందు ఏం కొనాలి?

కడపలో మీ పాఠశాల బ్యాండుకు ముందు జెండాలు తిప్పుతూ నడిచే ఆడపిల్లల బృందాన్ని, అంటే కలర్ గార్డ్‌ను, తయారు చేస్తున్నామని, జెండాల్లాగే తిప్పే కొయ్య డమ్మీ తుపాకులతో మొదలుపెట్టవచ్చా అని అడిగారు. అనంతపురంలో పిల్లలకు ఇదే పని నేర్పుతున్నాను కాబట్టి చెబుతున్నాను: ఈ ఏడాదికి తుపాకుల మాట కట్టిపెట్టండి. చేతిలో ఉన్న డబ్బు ముందు కర్రల మీద పెట్టండి. కర్ర బాగుంటే పాత దుప్పటి గుడ్డతోనైనా సాధన సాగుతుంది. కర్ర బాగాలేకపోతే ఎంత ఖరీదైన గుడ్డ కట్టినా దండగే.

ఈ విన్యాసానికి సాధారణంగా వాడేది ఆరడుగుల కర్ర, అంగుళం మందం. మన ఊళ్లలో కరెంటు సామాన్ల దుకాణంలో దొరికే 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు సరిగ్గా సరిపోతుంది. పైపు మూడు మీటర్లుంటుంది. ఆరడుగులు కోసుకోగా మిగిలిన ముక్క దాదాపు నాలుగడుగులు, ఆరో తరగతి పిల్లలకు సాధన కర్ర అవుతుంది. పలుచని రకం వద్దు, తిప్పుతుంటే బద్దలా ఊగుతుంది. అల్యూమినియం చూడటానికి బాగుంటుంది కానీ కింద పడితే సొట్టపోతుంది, మన ఎండకు చేయి కాలుతుంది. పీవీసీని మాత్రం ఎండలో గోడకు ఆనించి వదిలేయకండి, వంగిపోతుంది.

గుడ్డ కట్టగానే బరువంతా పైకి పోతుంది. అందుకే కింది కొసలో ఒక ఇనుప బోల్టు దూర్చి, కదలకుండా బిగించి, కుర్చీ కాళ్లకు వేసే రబ్బరు తొడుగు వేయండి. గుడ్డతో సహా కర్రను వేలి మీద నిలిపి చూడండి. అది ఎక్కడ నిలుస్తుందో అక్కడ నల్ల టేపు చుట్టండి. పిల్ల కర్రవైపు చూడకుండానే చేయి అక్కడికి పోవాలి. బోల్టు చిన్నదా పెద్దదా అన్నది ఈ వేలే చెబుతుంది, దుకాణదారు కాదు.

ఇక గుడ్డ. 36 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల పొడవు వాడుకలో ఉన్న కొలత. కానీ రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! జూన్ నుంచి ఆగస్టు దాకా మన వైపు నైరుతి గాలి జోరు మీద ఉంటుంది, ఆగస్టు 15 సరిగ్గా అందులోనే పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే గుడ్డ మీద తోపు నాలుగింతలవుతుంది. ఎనిమిదో తరగతి పిల్ల మణికట్టు దాన్ని ఆపలేదు. ఆగస్టుకు చిన్న జెండాలు కుట్టించి, పెద్దవి జనవరి 26కు దాచుకోండి. తేలికపాటి పాలిస్టర్ మేలు. నూలు గుడ్డ జల్లు పడితే బరువెక్కుతుంది. ధర్మవరం దగ్గరే కదా, పట్టు తీసుకోండి అనే పెద్దమనిషి ఎక్కడైనా ఒకరుంటారు. ఆయనకు నమస్కారం పెట్టి ఊరుకోండి. దర్జీకి కొలత నోటితో చెప్పకుండా పైపు ముక్క ఇచ్చి రండి, కర్ర దూర్చే గొట్టం బిగుతుగా కుట్టకుండా ఉంటాడు. ఎగిరే అంచుకు రెండు కుట్లు వేయించండి, మొదట పీచు లేచేది అక్కడే.

త్రివర్ణ పతాకాన్ని మాత్రం ఈ జెండాలతో కలపకండి. దాన్ని తిప్పడం, ఎగరేయడం తగదు. ఎవరికీ వందనంగా వంచకూడదు. నడకలో అది కుడి చివరనైనా ఉండాలి, మిగతా జెండాల వరుస మధ్య భాగానికి ముందైనా ఉండాలి. పొడవు, వెడల్పుల నిష్పత్తి 3:2. పిల్లలు మోయడానికి 900×600 మిల్లీమీటర్ల కొలత అనువు. 2021 డిసెంబరులో పతాక నియమావళిని సవరించాక పాలిస్టర్ జెండాకూ అనుమతి ఉంది. మోసే పిల్లకు కర్ర మొదలు నిలిపే గిన్నె ఉన్న తోలు పట్టీ కొనండి, ఇందులో పొదుపు వద్దు.

తెల్ల నూలు చేతితొడుగులు ఫొటోలకు బాగుంటాయి, పైపు మీద జారతాయి. జెండా తిప్పేవాళ్లకు వట్టి చేతులే మంచివి.

పిల్లలు జెండాను గాలిలోకి వేసి చూడకుండా పట్టుకోగలిగినప్పుడు డమ్మీ తుపాకుల సంగతి చూడవచ్చు. మూడడుగుల పైచిలుకు కొయ్యను అంచులు గుండ్రంగా తీయించి, తెల్ల రంగు వేయించండి. నల్ల రంగు వేయిస్తే పోటీలకు వెళ్లేటప్పుడు బస్సులో అందరికీ సమాధానం చెప్పుకోవాలి.