నిమ్మళం అంటే నిర్మలమా, నిశ్చింతా?

దేవరకొండలోని మీ అత్తమ్మ జ్వరం తగ్గాక "ఇప్పుడు నిమ్మళమైంది" అన్నారనీ, దానిని వ్యాసంలో "నిర్మలమైంది" అని దిద్దవచ్చా అనీ అడిగారు. దిద్దకండి. నిమ్మళం నిర్మలానికి వికృతే అయినా, మూలపదం మలినం లేకపోవడాన్ని చెబుతుంటే, వికృతి కుదుటపడడం వైపు జరిగి, మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఒంటికీ మనసుకూ కూడా వాడుకలో నిలిచింది. "నిమ్మళంగా కూసొని తిను" అన్నప్పుడు తొందర లేకపోవడం, "బిడ్డ పెండ్లి అయింది, ఇగ నిమ్మళం" అన్నప్పుడు రంది (దిగులు) తీరడం దాని అర్థం. నిశ్చింత (నిః + చింత, విసర్గ సంధి) ఈ రెండో సందర్భానికే సరిపోతుంది. జ్వరం తగ్గిన ఒంటికి అది అతకదు. కాబట్టి అత్తమ్మ మాటను ఉన్నదున్నట్టే ఉంచి, అవసరమనుకుంటే పక్కన "కుదుటపడింది" అని రాయండి. ళకారాన్ని మాత్రం లకారం చేయకండి.