మచ్చ పడిన లైసెన్సుతో లారీ డ్రైవరు కావచ్చా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. హైదరాబాద్ కాటేదాన్‌లో ఒక గోదాములో లోడింగు పని చేస్తున్నాను. బైకుకూ కారుకూ కలిపి లైసెన్సు తీసుకుని నాలుగేళ్లయింది. రెండేళ్ల క్రితం ఒక పెళ్లి విందు నుంచి బైకుపై తిరిగి వస్తూ ఆరాంఘర్ దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో దొరికాను. కోర్టులో జరిమానా కట్టాను. లైసెన్సును మూడు నెలలు సస్పెండ్ చేశారు. అవి కాక వేగానికి, సిగ్నల్ దాటినందుకు పడిన చలాన్లు కొన్ని బైకు మీద ఇంకా ఉన్నాయి. మా మేనమామకు సూర్యాపేటలో రెండు లారీలున్నాయి. ‘ముందు హెవీ లైసెన్సు తెచ్చుకో, తర్వాత చూద్దాం’ అంటున్నారు. తెలిసిన బ్రోకరు ఒకడేమో పాత లైసెన్సు సంగతి ఎత్తకుండా పక్క రాష్ట్రంలో కొత్తది తీయిస్తానంటున్నాడు. ఇలాంటి రికార్డు ఉన్న నాకు ఈ వృత్తిలో చోటు దొరుకుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కాటేదాన్

జవాబు: సస్పెన్షన్ గడువు ముగిసి మీ లైసెన్సు ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నట్లయితే, రెండేళ్ల నాటి ఆ కేసు ఒక్కటే మీకు హెవీ లైసెన్సు రాకుండా ఆపదు. రవాణా వాహనం నడిపేవారికి 20 ఏళ్లు నిండి ఉండాలని, దాని ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) తీసుకునే నాటికి తేలికపాటి మోటారు వాహనం లైసెన్సు చేతికి వచ్చి కనీసం ఏడాది అయి ఉండాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఈ రెండు అర్హతలూ మీకు ఉన్నాయి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న పాత నిబంధనను 2019లో తొలగించారు కనుక చదువు పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఫారం 1ఎలో డాక్టరు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, శిక్షణ పూర్తి చేసినట్టు లైసెన్సు ఉన్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5, ఆ పైన బ్రేక్ ఇన్‌స్పెక్టరు (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) ఎదుట పరీక్ష, ఇవి అందరికీ ఉండేవే.

లైసెన్సు సంపాదించడం కంటే, దాన్ని చూసి ఒక యజమాని తన లారీ తాళం మీ చేతిలో పెట్టేలా చేసుకోవడం కష్టం. అందువల్ల మిగిలిన జవాబు ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

మన దగ్గర డ్రైవరు గతమంతా ఒకే కాగితం మీద దొరకదు. లైసెన్సు స్థితి రవాణా శాఖ దగ్గర, శిక్ష వివరాలు కోర్టు దగ్గర, ఈ-చలాన్లు పోలీసుల దగ్గర ఉంటాయి, వాటిలోనూ చలాన్లు బండి నంబరు మీద ఉంటాయే తప్ప నడిపిన మనిషి పేరు మీద ఉండవు. ఇలా విడివిడిగా ఉండడం వల్లనే గతాన్ని దాచవచ్చునన్న ఆశ చాలామందిలో పుడుతుంది, బ్రోకర్లకు గిరాకీ కూడా అక్కడి నుంచే వస్తుంది. మీరు ముందుగా లైసెన్సు జారీ చేసిన ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లి, సస్పెన్షన్ ఉత్తర్వు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నదీ, అది ఏయే తరగతుల వాహనాలకు వర్తించినదీ, ఇప్పుడు వారి రికార్డులో లైసెన్సు చెల్లుబాటులో ఉన్నట్టు కనిపిస్తున్నదీ లేనిదీ తెలుసుకోండి. గడువు ముగిసింది కదా అని కాగితాల్లోనూ అంతా సర్దుకుని ఉంటుందని అనుకోకండి. కోర్టు ఉత్తర్వు నకలు, జరిమానా రసీదు, గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో కౌన్సెలింగ్‌కు హాజరై ఉంటే దానికి సంబంధించిన కాగితం, ఇవన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి. శిక్ష వివరాలను లైసెన్సుపై నమోదు చేసి ఉంటే, ఆ తర్వాత వరుసగా మూడేళ్లు మరో నమోదు లేకుండా గడిచినప్పుడు ఆ మచ్చ లేని లైసెన్సు కోరే హక్కు చట్టంలోని 24వ సెక్షన్ కింద మీకు వస్తుంది. సస్పెన్షన్‌లో గడిచిన కాలాన్ని మాత్రం ఆ మూడేళ్లలో కలపరు.

ఇక బ్రోకరు మాట. ఒక వ్యక్తి రెండు డ్రైవింగ్ లైసెన్సులు కలిగి ఉండడాన్ని చట్టం అనుమతించదు. పాత లైసెన్సుపై ఉన్న నమోదును వెల్లడించకుండా కొత్తదానికి దరఖాస్తు చేయడం 182వ సెక్షన్ కింద నేరం, దానికి మూడు నెలల వరకు జైలు గానీ 10,000 రూపాయల జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. అలా పొందిన లైసెన్సు అసలు చెల్లదు. దీని ఫలితం ఆర్టీఏ కార్యాలయంలో కంటే రోడ్డు మీదే ఎక్కువగా బయటపడుతుంది. ప్రమాదం జరిగి ఎవరికైనా నష్టపరిహారం చెల్లించవలసి వచ్చినప్పుడు బీమా కంపెనీ మొట్టమొదట అడిగేది డ్రైవరు లైసెన్సునే. అది చెల్లదని తేలితే, బాధితుడికి చెల్లించిన సొమ్మును లారీ యజమాని నుంచి రాబట్టుకోవడానికి కంపెనీకి దారి దొరుకుతుంది. మీ విషయంలో ఆ యజమాని మీ మేనమామ కావచ్చు. రెండేళ్ల క్రితం బైకు మీద దొరికిన మనిషి అన్న పేరును మెల్లగా చెరుపుకోవచ్చు గానీ, ఓనరును మునిగేలా చేసిన డ్రైవరు అన్న పేరు వస్తే ఉస్మాన్‌గంజ్ నుంచి ఆటోనగర్ దాకా ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనూ మీకు పని పుట్టదు. ఆ బ్రోకరుతో మాట ఇక్కడితో ఆపేయండి.

చలాన్లను ఇప్పుడే కట్టేయండి. తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివరలో మరోసారి భారీ రాయితీలు ప్రకటించింది, దాంతో మళ్లీ రాయితీ వస్తుందని ఎదురుచూడడం నగరంలో చాలామందికి అలవాటైంది. లారీ పని వెతుక్కునేవారు ఆ అలవాటుకు దూరంగా ఉండడం మేలు. మీ సొంత బైకు మీద వేగం చలాన్లు, సిగ్నల్ చలాన్లు పేరుకుపోయి ఉన్నాయని తెలిసిన యజమాని, తన లారీ మీద కూడా అవే పడతాయని అనుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేము.

ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా సలహా, హెవీ లైసెన్సు వచ్చేదాకా ఖాళీగా ఉండవద్దని. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని, ప్రమాదకర సరుకులు తీసుకెళ్లే బండ్లు మినహా, తేలికపాటి వాహనం లైసెన్సుతోనే నడపవచ్చునని, దానికి వేరే అనుమతి అక్కరలేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. అంటే మీ గోదాము ముందే ఆగే ట్రాలీ ఆటోలు, చిన్న డీసీఎం వ్యాన్లలో కొన్ని మీ ఇప్పటి లైసెన్సు పరిధిలోకే వస్తాయి. డీసీఎం అని పిలిచే ప్రతి బండీ ఆ బరువులోపు ఉండదు కాబట్టి ఆర్‌సీలో (బండి రిజిస్ట్రేషన్ పత్రంలో) రాసిన మొత్తం బరువు చూసిన తర్వాతే ఎక్కండి. కాటేదాన్‌లో లోడింగు చేసిన మనిషికి ఒక మేలు ఉంది: సరుకు ఎలా సర్దాలో, ఏ లోడు ఎటు ఒరుగుతుందో, తాళ్లు ఎక్కడ బిగించాలో స్టీరింగు పట్టకముందే తెలుసు. ఒకే యజమాని దగ్గర కనీసం ఏడాది ఇలాంటి బండి నడిపి, ఆ కాలంలో ఒక్క చలానూ పడకుండా చూసుకుంటే, ఆయన చెప్పే నాలుగు మంచి మాటలు ఏ ధ్రువపత్రం కంటే బలంగా పనిచేస్తాయి. లారీల లోకంలో ఉద్యోగాలు ఇప్పటికీ ఎక్కువగా నోటి మాట మీదే నడుస్తున్నాయి.

ఈలోగా హెవీ శిక్షణ తీసుకోండి. నగరంలో డ్రైవింగ్ స్కూళ్లకు కొదవ లేదు గానీ, కొన్నింటిలో నలుగురైదుగురిని ఒకే పాత లారీలో ఎక్కించి, ఒక్కొక్కరి చేతికి కొద్ది నిమిషాలే స్టీరింగు ఇచ్చి ఫారం 5 మీద సంతకం పెట్టి పంపేస్తారు. గతంలో కేసు ఉన్న మనిషికి ఆ తరహా శిక్షణ చాలదు. సిరిసిల్ల సమీపంలోని మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో ఏర్పాటైన డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది, హకీంపేటలో ఆర్టీసీ శిక్షణ కేంద్రమూ ఉంది. ప్రవేశాలు, ఫీజుల వివరాలు నేరుగా వెళ్లి కనుక్కోండి. ఎయిర్ బ్రేకులో గాలి ఒత్తిడి పడిపోతే ఏం చేయాలో, దిగుడులో గేరును, ఎగ్జాస్ట్ బ్రేకును ఎలా వాడాలో, ఎడమ పక్క అద్దంలో కనిపించని చోటు ఎంత ఉంటుందో చేతికి అలవాటయ్యేలా నేర్పించేది అలాంటి చోటే. ఆ తర్వాత కొంతకాలం మీ మేనమామ లారీలో సీనియరు డ్రైవరు పక్కన సెకండ్ డ్రైవరుగా వెళ్లడం చాలా మంచిది. అయితే మీ సస్పెన్షన్ సంగతి ఆయనకు పూర్తిగా తెలియకపోతే, లారీ ఎక్కకముందే మీరే చెప్పండి. ‘ముందు లైసెన్సు తెచ్చుకో’ అని ఆయన అనడంలో మేనల్లుడి నడవడి గమనించే ఉద్దేశం కూడా ఉండవచ్చు.

మొదటి ఉద్యోగం ఎంచుకునేటప్పుడు ఏది త్వరగా దొరికితే దానిలో చేరిపోకండి. కొత్తవారికి నగరం చుట్టుపక్కల సులువుగా దొరికేది ఇసుక, కంకర తోలే టిప్పర్ల పని. అక్కడ ట్రిప్పుల లెక్కన డబ్బు ఇచ్చేచోట ప్రతి ట్రిప్పుకూ తొందర ఉంటుంది, పగటి ఆంక్షల వల్ల రాత్రి తోలుడు ఎక్కువ, అధిక లోడు సర్వసాధారణం. అధిక లోడుకు 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా ఉంది. ఈ బాధ్యత లోడు వేయించిన యజమానితో పాటు బండి నడిపినవారి మీదా ఉంటుంది. శుభ్రమైన రికార్డు ఉన్న డ్రైవరు ఒక దెబ్బ తట్టుకోవచ్చు గానీ మీకు ఆ వెసులుబాటు లేదు. మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వైపు ఔటర్ రింగు రోడ్డును ఆనుకుని ఉన్న గోదాముల నుంచి ఒప్పందం మీద తిరిగే బండ్లలో బత్తా కాస్త తక్కువైనా, జీపీఎస్ ఉండి వేగం నమోదయ్యే చోట చేరితే మీ మంచి నడవడికి సాక్ష్యం తానే తయారవుతుంది. అలాంటి కంపెనీలు పోలీసు వెరిఫికేషన్ అడగవచ్చు. అప్పుడు పాత కేసు బయటపడుతుందేమోనని భయపడుతూ కూర్చోవడం కంటే, ఫైలు ముందు పెట్టి ఫలానా తేదీన ఫలానా తప్పు జరిగింది, శిక్ష పూర్తయింది, ఆ తర్వాత ఏమీ లేదు అని రెండు వాక్యాల్లో చెప్పేయండి. సంజాయిషీలు పొడిగించవద్దు, పెళ్లి విందు సంగతి అసలే చెప్పవద్దు.

చర్లపల్లి వైపు పెట్రోలు, గ్యాసు ట్యాంకర్ల మీద ఆశ ఉంటే దాన్ని మరికొన్నేళ్లు వాయిదా వేయండి. ప్రమాదకర సరుకుల బండికి మూడు రోజుల ప్రత్యేక శిక్షణ, ఇంగ్లీషుతో పాటు ఒక భారతీయ భాష చదవడం రాయడం వచ్చి ఉండడం నిబంధన. అక్కడ పాత కేసులను మరింత పట్టిపట్టి చూస్తారు, అది న్యాయమే.

తాగే అలవాటు ఇప్పుడు ఉందో లేదో మీరు ఒక్క ముక్కా రాయలేదు గానీ, ఈ జవాబులో దాన్ని దాటి వెళ్లలేను. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు మించితే 185వ సెక్షన్ వర్తిస్తుంది. రెండోసారి దొరికితే రెండేళ్ల వరకు జైలు గానీ 15,000 రూపాయల జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు, లైసెన్సు పోయే అవకాశమూ ఉంది. రాత్రి ధాబా దగ్గర ఎక్కువగా తాగి పడుకుని తెల్లవారుజామున లారీ తీసేవారికి ఆ మత్తు పూర్తిగా దిగి ఉండదు. మీకు ఆ అలవాటు ఇంకా ఉంటే, పైన రాసిందంతా పక్కన పెట్టి ముందు దాని సంగతి చూసుకోండి. అది తేలకుండా పన్నెండు టైర్ల బండి మీ చేతికి ఇవ్వమని నేను ఎవరికీ చెప్పను.

ప్రశ్న: నాకు మూడు లారీలున్నాయి. పనికి వచ్చిన డ్రైవరు మీద రోడ్డు ప్రమాదం కేసు ఒకటి కోర్టులో నడుస్తోంది. మనిషి నెమ్మదస్తుడే. పెట్టుకుంటే రేపు బీమా విషయంలో నాకు ఇబ్బంది వస్తుందా? అతని ఒరిజినల్ లైసెన్సు నా దగ్గర ఉంచుకోవచ్చా?
– ఒక లారీ యజమాని, ఆటోనగర్

జవాబు: కేసు నడుస్తున్నంత మాత్రాన డ్రైవరు అనర్హుడు కాడు. కోర్టు గానీ ఆర్టీఏ గానీ అతని లైసెన్సును సస్పెండ్ చేయకుండా ఉన్నంతవరకు, అది మీ లారీ తరగతికి సరిపోయినంతవరకు, ఆ కేసు ఒక్కదాని వల్ల మీ బీమా రక్షణ పోదు. చేర్చుకునే రోజున లైసెన్సు స్థితిని రవాణా శాఖ వెబ్‌సైటులో చూసి ఆ పేజీని ముద్రించి దాచండి, ఒకసారి లోడుతో నడిపించి చూడండి. యజమాని తగిన జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నది ముఖ్యమని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో స్పష్టం చేసింది కనుక ఆ కాగితం మీకు ఉపయోగపడుతుంది. రవాణా లైసెన్సు గడువు ఐదేళ్లు. అది ఎప్పుడు ముగుస్తుందో మీ క్యాలెండరులో కూడా రాసి పెట్టుకోండి. కేసులో తీర్పు వచ్చిన రోజున మీకు చెప్పాలని అతనితో ముందే మాట్లాడుకోండి.

ఒరిజినల్‌ను మీ దగ్గర పెట్టుకునే అలవాటు మానేయండి. బండి నడుపుతున్నప్పుడు అడిగిన అధికారికి లైసెన్సు చూపించవలసింది డ్రైవరు. మీకు కావలసింది నకలు మాత్రమే.