ఎన్‌ఓసీ రెండో పేజీ చదివారా?

ప్రశ్న: మూడేళ్ల క్రితం విమానాశ్రయం దగ్గరి లేఅవుట్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాను. నాలుగు నెలల ఇరవై రోజుల క్రితం రెండో రన్‌వే వాడకంలోకి వచ్చింది. అప్పటి నుంచి రాత్రంతా విమానాలు మా మేడ మీదుగానే దిగుతున్నాయి. గుండె జబ్బున్న మా అమ్మగారికి కంటిమీద కునుకు లేదు, అమ్మాయి చదువు సాగడం లేదు. ఫోన్ యాప్‌లో 90 డెసిబెల్స్ చూపించిన వీడియోలు 43 తీశాను. రాత్రి విమానాలు ఆపించి పరిహారం ఇప్పించమని సివిల్ కోర్టులో దావా వేయవచ్చా? మేడ మీద వేసుకున్న రేకుల గదికి కొత్త ఎన్‌ఓసీ (విమానాశ్రయం దగ్గర కట్టడాల ఎత్తుకు ఇచ్చే నిరభ్యంతర పత్రం) తెప్పిస్తానని ఒక మధ్యవర్తి చెబుతున్నాడు. అతని మాట నమ్మవచ్చా? కాగితాలు జతపరిచాను.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఇంట్లో వారి ఇబ్బందులే ఉన్నాయి. వాటిని నేను కాదనడం లేదు కానీ మీ కేసును తేల్చేది అవి కావు, మీరు చివర జతపరిచిన ఎన్‌ఓసీ నకలు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చిన ఆ పత్రం రెండో పేజీలో, విమానాల చప్పుడు, ప్రకంపనలు, వాటి వల్ల కలిగే నష్టం గురించి దరఖాస్తుదారు ఫిర్యాదు చేయరాదని, పరిహారం కోరరాదని ఒక షరతు ఉంది. అదే మాటతో మీరు హామీపత్రం మీద సంతకం కూడా పెట్టారు. ప్లాను గీసిన వ్యక్తి పెట్టమన్నచోట పెట్టానని మీరు రాసిన వాక్యం కోర్టులో మీకు అక్కరకు రాదు. అక్షరజ్ఞానం ఉన్న మనిషి తాను చదవకుండా సంతకం చేశానని చెబితే న్యాయమూర్తి జాలిపడరు.

మొదట సివిల్ దావా సంగతి. ఆస్తి మీదుగా తగిన ఎత్తులో విమానం ఎగిరినందుకు గాని, అలా ఎగరడం వల్ల మామూలుగా కలిగే ఇబ్బందులకు గాని అతిక్రమణ, న్యూసెన్స్ పేరుతో దావా వేయరాదని 1934 నాటి విమానాల చట్టం 17వ సెక్షన్ చెప్పింది. 2025 జనవరి 1న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమం, 2024 కూడా ఆ నిరోధాన్ని అలాగే ఉంచింది. నేలమీద ఇంజన్లు పరీక్షించే చప్పుడు దీని కిందికి రాదని వాదించవచ్చు గాని, మీ బాధంతా దిగే విమానాల గురించే. స్థలం అమ్మినవారి మీదకు వెళదామా అంటే, మామూలు జాగ్రత్తతో కొనుగోలుదారుకు తెలియని లోపాన్ని మాత్రమే అమ్మేవారు విప్పి చెప్పాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. విమానాశ్రయాన్ని ఎవరూ దాచిపెట్టలేరు. వినియోగదారుల కమిషన్‌కు ఉన్న రెండేళ్ల గడువుకు కూడా కాలదోషం పట్టింది.

మిగిలిన దారి పర్యావరణ వివాదాలు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్. మీరిచ్చిన హామీ మీ సొంత పరిహారానికి అడ్డం పడుతుంది గాని, చట్టం విమానాశ్రయం మీద పెట్టిన బాధ్యతను మీ సంతకం మాఫీ చేయలేదు. కాబట్టి పిటిషన్‌లో పరిహారం ఊసే ఎత్తకుండా, శబ్ద పరిమితులను పాటింపజేయమని మాత్రమే కోరండి. అయితే ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద, వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు మూలమైన సంఘటన, మీ విషయంలో రెండో రన్‌వే వాడకం) మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లోగా దరఖాస్తు దాఖలు చేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వవచ్చు, ఇవ్వకపోనూవచ్చు. చప్పుడు రోజూ ఉంది కనుక గడువు రోజూ కొత్తగా మొదలవుతుందని మీకు ఎవరో చెప్పినట్టున్నారు. సెక్షన్‌లో ఉన్న ‘మొదట’ అన్న మాటను ఆయన చదవలేదు. మీకు దాదాపు నలభై రోజులు మిగిలాయి. రన్‌వేకు ఇచ్చిన పర్యావరణ అనుమతినే సవాలు చేసే అప్పీలు గడువు 30 రోజులు, మన్నిస్తే మరో 60. అది ఎప్పుడో దాటిపోయింది. ఇంకొక సంగతి: ఒక్క ఇంటి బాధ ఈ సెక్షన్ కిందికి రాదు, సమాజం మొత్తానికి తగిలే ప్రశ్న అయి ఉండాలి. అందువల్ల కాలనీ సంఘం తీర్మానం చేసి సంఘం పేరుతోనే వేయాలి.

ఇక సాక్ష్యం. 2018 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఏడాదికి 50,000కు మించి, అంటే రోజుకు సుమారు 137కు పైగా విమానాల రాకపోకలున్న విమానాశ్రయాల శబ్ద మండలంలో (విమానాల చప్పుడు ఎక్కువగా పడే చుట్టుపక్కల ప్రాంతంలో) పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్, మిగిలిన విమానాశ్రయాల దగ్గర పగలు 65, రాత్రి 60 పరిమితి. ఈ అంకెలు మొత్తం పగటికీ మొత్తం రాత్రికీ కట్టే సగటులు. మీ వీడియోల్లోని 90 ఒక్క క్షణపు శిఖరం. లెక్క చూడండి: ఒక విమానం 20 సెకన్లపాటు 90 డెసిబెల్స్ చప్పుడు చేస్తే, ఎనిమిది గంటల రాత్రి సగటులో దాని వంతు సుమారు 58 మాత్రమే. అలాంటివి ఐదు వస్తే సగటు 65ను దాటుతుంది. మీకు పనికొచ్చేది 43 వీడియోలు కాదు, ఏ రాత్రి ఎన్ని గంటలకు ఏ విమానం ఎంతసేపు వినిపించిందో రాసిన వరుస పట్టిక, దానితోపాటు గుర్తింపు పొందిన ప్రయోగశాల ప్రామాణిక మీటరుతో కనీసం వారం రోజులు తీసిన కొలతల నివేదిక. వీడియోలు పెట్టదలిస్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి. ఫోన్ మార్చినప్పుడు అసలు ఫైళ్లు పోయాయని రాశారు. కోర్టుకు వెళ్లాలనుకునే మనిషి చేయకూడని పని అదొక్కటే, మీరు సరిగ్గా అదే చేశారు.

విమానాశ్రయ నిర్వాహకులు జూన్ 1న, డిసెంబర్ 1న ఆరు నెలలకొకసారి పర్యావరణ అనుమతి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. దాని నకలు, శబ్ద పటం, కొలతలు ఇవ్వమని కాలుష్య నియంత్రణ మండలికీ పౌర విమానయాన డైరెక్టరేట్‌కూ ఈ వారమే సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. జవాబుకు 30 రోజులు పడుతుంది గనుక దానికోసం పిటిషన్ ఆపవద్దు, రసీదులనే జతపరచండి.

రేకుల గది విషయంలో కఠినంగానే చెబుతున్నాను. మీ ఎన్‌ఓసీలో స్థలం ఎత్తు సముద్రమట్టానికి 528 మీటర్లు, అనుమతించిన గరిష్ఠ శిఖరం 540. అంటే నేల నుంచి పన్నెండు మీటర్లు, అందులోనే మెట్ల గది, నీళ్ల ట్యాంకు, యాంటెన్నా అన్నీ ఇమడాలి. మీ మేడ పది మీటర్లు, పైన మూడు మీటర్ల గది, దాని మీద ట్యాంకు. స్థలం ఎత్తును కొంచెం ‘సర్ది’, అక్షాంశ రేఖాంశాలు పక్కకు జరిపి కొత్త పత్రం తెప్పిస్తానన్న ఆ మధ్యవర్తిని గుమ్మం ఎక్కనివ్వకండి. తప్పుడు వివరాలతో వచ్చిన ఎన్‌ఓసీ రద్దవుతుంది, కూల్చివేతకు ప్రత్యేక నిబంధనలు 1994 నుంచే ఉన్నాయి, హామీపత్రం మీద ఉండేది మీ సంతకం గనుక క్రిమినల్ కేసు కూడా మీ మీదే నిలుస్తుంది. విమానాల దారిలోకి తానే చొచ్చుకొచ్చిన పిటిషనర్ అన్న ఒక్క ఫొటోతో అవతలి న్యాయవాది మీ కాలనీ మొత్తం కేసును పలుచన చేయగలరు.

అందువల్ల పిటిషన్ కంటే ముందే గదిని తీసేయండి, ట్యాంకును కిందికి దించండి, తేదీ కనిపించే ఫొటోలు ఉంచుకోండి. కోరికలను కూడా తెలివిగా పేర్చాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2001లో ఆమోదించిన సమతుల విధానంలో విమానం దగ్గరే చప్పుడు తగ్గించడం, భూవినియోగ ప్రణాళిక, దిగే ఎగిరే పద్ధతుల మార్పు వచ్చాకే రాకపోకల నిషేధం. రాత్రిపూట రెండు రన్‌వేలను మార్చి మార్చి వాడటం, నిరంతర శబ్ద కొలత, దాని ఫలితాల వెల్లడి ముందు అడగండి, నిషేధాన్ని చివరి ప్రత్యామ్నాయంగా ఉంచండి. శబ్ద మండలంలో కొత్త నివాస లేఅవుట్లకు స్థానిక సంస్థ అనుమతి ఇవ్వరాదన్న కోరికను కూడా చేర్చండి. మీ సంఘ సభ్యుల్లో కొందరికి పక్కనే అమ్మకానికి స్థలాలున్నాయని మీ ఉత్తరమే చెబుతోంది, వారు దీనికి ఒప్పుకుంటారో లేదో తీర్మానం రోజునే తేల్చుకోండి.

పిటిషన్ చెన్నైలోని దక్షిణ మండల బెంచిలో దాఖలు చేయాలి. నకళ్లు కాకుండా అసలు ఎన్‌ఓసీ, హామీపత్రం, ఇంటి ప్లాను తీసుకుని ఈ పదిరోజుల్లోనే న్యాయవాదిని కలవండి.